పురుడు పోసినవారి పేరు

వైద్యశాలలలో లెక్కల పుస్తకము పుట్టినది రోగమును వెదకుటకు కాదు. ఏ దినమున ఎందరు చేరిరి, ఎందరు లేచి యింటికి పోయిరి, ఎందరిని శ్మశానమునకు సాగనంపవలసి వచ్చెను, రొట్టెకును కట్టెలకును దుప్పట్లకును ఎంత వ్యయమాయెను అను సంగతులను చందాలిచ్చిన దాతలకును ఏలినవారికిని విన్నవించుటకై గుమాస్తాలు శ్రద్ధగా వ్రాసిపెట్టిన పద్దులవి. ఆ పద్దులనే మఱియొక కంటితో చదివి, ఒక మంచము మీది జ్వరము ప్రక్క మంచమునకు ఏ దారిని నడచెనో, ఎవరి వెంట నడచెనో పసిగట్టవచ్చునను ఊహ ఐరోపాలో చాల ఆలస్యముగా పుట్టి, పుట్టిన పిమ్మట కూడ బహుకాలము నిరాదరణమునకు లోనై, మెల్లగా నిలదొక్కుకొన్నది. ఆ కథలో ప్రధానమైన ఘట్టములు పురిటి గదులలో జరిగినవి.

అందుకు కారణము లేకపోలేదు. తక్కిన రోగులు జబ్బుతోనే వైద్యశాల గడప త్రొక్కుదురు గనుక, వారు మరణించినప్పుడు ఆ జబ్బే వారిని కొనిపోయెనని సరిపెట్టుకొనవచ్చును. నిండు చూలాలు రోగి కాదు. ఆమె నడచి వచ్చును, బిడ్డను కనును, రెండవనాడో మూడవనాడో చలి పుట్టి, పొత్తికడుపు ఉబ్బి, నాడి వడివడిగా కొట్టుకొని, వారము తిరుగక మునుపే కన్ను మూయును. మనవారు సూతికా జ్వరమని చెప్పు ఆ వ్యాధికి నాటి పాశ్చాత్య వైద్యులు చెప్పని హేతువు లేదు. గాలి చెడినదనిరి, స్తన్యము దారి తప్పి కడుపులోనికి దిగినదనిరి, భయమనిరి, సిగ్గనిరి. వైద్యుని చేయి అని మాత్రము వారిలో పెక్కుమంది అనలేదు.

అనుటకు సాహసించినవాడు అలెగ్జాండర్ గోర్డన్. అతడు స్కాట్లండులోని అబర్డీన్ పట్టణమున ధర్మవైద్యశాలలో వైద్యుడు. అంతకు మునుపు నౌకాదళమున పనిచేసినవాడు. 1789 డిసెంబరు మొదలు 1792 మార్చి వరకు ఆ పట్టణమున సూతికా జ్వరము చెలరేగినప్పుడు, తాను చికిత్స చేసిన 77 మంది బాలింతలను గూర్చి అతడొక పట్టిక కట్టెను. వారిలో 28 మంది మరణించిరి. వయస్సు, నివాసము, జ్వరము తగిలిన దినము, ఫలితము, ఇంతవరకు ఏ గుమాస్తా యైనను వ్రాయగల సంగతులే. గోర్డన్ వానికి తోడు మఱియొక గడి గీసి, అందులో పురుడు పోసినవారి పేరు వ్రాసెను. ఆ గడిని పై నుండి క్రిందికి చదువుకొని వచ్చినవానికి వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు: జ్వరము వీథి వెంట పోలేదు, గాలి వెంట పోలేదు, కొందఱు మంత్రసానుల వెంట పోయినది. ఏ మంత్రసానిని పిలిచిరో చెప్పిన చాలును, ఆ యింటి యిల్లాలికి జ్వరము తగులునో లేదో ముందుగనే చెప్పగలనని అతడు తన గ్రంథమున వ్రాసికొన్నాడు. అదే కాలమున పట్టణములో విసర్పి రోగము కూడ ప్రబలి, రెండును కూడబలుకుకొన్నట్లు కలిసియే పుట్టి కలిసియే అణగుటను బట్టి, వానికి బంధుత్వము గలదనియు గ్రహించెను. రెండును స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి చేయు పనులేనని లోకమునకు తెలియుటకు మఱి యెనుబది తొంబది యేండ్లు పట్టినది.

ఆ గడిలో మంత్రసానుల పేర్లతో పాటు గోర్డన్ తన పేరును కూడ వ్రాసెను. పలువురు స్త్రీలకు తానే ఆ విషమును మోసికొనిపోయితినని 1795లో అచ్చు వేయించిన పుస్తకమున దాపఱికము లేక ఒప్పుకొనెను. రోగి వస్త్రములను కాల్చవలెననియు, దాదులును వైద్యులును ఒడలు కడిగికొని బట్టలకు ధూపము పట్టవలెననియు విధించెను. ఊరివారు మెచ్చలేదు. పేర్లు అచ్చున పడిన మంత్రసానుల పక్షము వహించి జనులు అతనిని దూషింపగా, అతడు పట్టణము విడిచి మరల నౌకాదళమునకు పోయి, 1799లో క్షయచే మరణించెను. అతని పుస్తకము మాత్రము బ్రతికినది. బ్రతికినది పట్టిక వలన కాదు. బాలింతకు దండిగా రక్తము తీసి విరేచనము చేయింపవలెనని అతడు చెప్పిన చికిత్సను, అనగా ఆ గ్రంథమునందలి తప్పు భాగమును, తోటి వైద్యులు భక్తితో అనుసరించిరి. ఒప్పు భాగము వారి మనస్సున నాటలేదు.

ఇచ్చట మన సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన యిండ్లలో పురిటి మైల పేర బాలింతను పదిదినములు ఎవరును అంటకుండుటను గొప్ప ఆరోగ్యశాస్త్రముగా కొనియాడువారు కలరు. అది కొంత మేలు చేసియే యుండవచ్చును. కాని ఆ నియమము బంధువులను ఆపినదే గాని మంత్రసానిని ఆపలేదు. ఒక యింట పని తీరగనే ఆమె మఱియొక యింటికి పోవుచునే యుండెను. గోర్డన్ పట్టికను మన యూళ్లలో కట్టియుండినచో ఏమి తేలియుండునో ఆ కొనియాడువారు ఒకింత ఆలోచింపదగును.

అబర్డీన్ పట్టిక ఒక వైద్యుని సొంత పుస్తకము. వియన్నా మహావైద్యశాలలోనివి సర్కారు పద్దులు. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో నెలకొల్పిన ఆ వైద్యశాలలో ప్రసవములును మరణములును ఆనాటి నుండి ఏటేట నమోదగుచు వచ్చినవి. అచ్చటి పురిటి విభాగము రెండు శాలలుగా చీలినది. 1840 నాటి ఆజ్ఞ చొప్పున వైద్యవిద్యార్థులందఱు మొదటి శాలకును, మంత్రసాని విద్య నేర్చు స్త్రీలందఱు రెండవ శాలకును కేటాయింపబడిరి. చూలాండ్రను మాత్రము వంతుల చొప్పున, ఒకనాడు ఒక శాలకు, మఱునాడు రెండవదానికి చేర్చుకొనుచుండిరి. ఒక్క పట్టణము, ఒక్క కప్పు, ఒక్క విధమైన పేదస్త్రీలు. భేదమెల్ల వారిని తాకు చేతులలోనే. ఏ శాస్త్రజ్ఞుడును తలపెట్టకయే, పాలనా సౌకర్యమునకై చేసిన ఏర్పాటు మహత్తరమైన ప్రయోగముగా పరిణమించినది.

1846లో మొదటి శాలయందు క్లైన్ ఆచార్యునకు సహాయకుడుగా చేరిన హంగేరీ దేశీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు ఈ రెండు శాలల అంకెలు నిద్ర పట్టనీయలేదు. ఆ యేట మొదటి శాలలో 4,010 ప్రసవములకు 459 మంది తల్లులు మరణింపగా, రెండవదానిలో 3,754 ప్రసవములకు మరణించినవారు 105 మంది. మొదటి శాలలో జబ్బు ముదిరిన బాలింతలను సామాన్య వైద్యశాలకు తరలించుట గలదు. అట్లు పోయి చనిపోయినవారు పురిటి లెక్కలోనికి రారు. అనగా అసలు భేదము ఇంకను పెద్దది. పద్దులు చదువువానికి వ్రాసినదానితో పాటు వ్రాయక విడిచినదియు తెలియవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

ఆకాశము చెడినదందమా, రెండు శాలలకును ఒకే ఆకాశము. జనసమ్మర్దమందమా, రెండవ శాలయే ఎక్కువ క్రిక్కిఱిసియుండెను. మొదటి శాల పేరు వినగనే స్త్రీలు మోకరిల్లి, తమ్మచ్చటికి పంపవలదని వేడుకొనుచుండిరి గనుక భయమే కారణమనిన వారును కలరు. కాని భయమునకు పూర్వమే మరణములు లేనిచో భయము ఎచ్చట నుండి వచ్చును? త్రోవలో వీథిలోనే ప్రసవించి వచ్చిన వారికి జ్వరము అరుదుగా తగులుట, ప్రసవవేదన దీర్ఘముగా సాగినవారికి తఱచుగా తగులుట, వరుసగా నున్న మంచముల మీదివారు వరుసగనే పడిపోవుట, ఇవన్నియు అతడు గుర్తించెను. గుర్తించియు ముడి విప్పలేకపోయెను. ఏలన, వియన్నా పద్దులలో నెలలు కలవు, ప్రసవములు కలవు, మరణములు కలవు, గోర్డన్ గీసిన గడి మాత్రము లేదు.

1847 మార్చిలో అతని మిత్రుడును శవపరీక్షలలో నిపుణుడునగు కొలెచ్కా, ఒక విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొనగా జ్వరపడి మరణించెను. అతని దేహపరీక్ష వివరములు చదివిన సెమ్మెల్‌వైస్‌కు అవి చచ్చిన బాలింతల వివరములవలెనే తోచెను. ప్రాతఃకాలమున శవములను కోసి, ఆ చేతులతోనే పురిటి మంచముల కడకు వచ్చు విద్యార్థులు మొదటి శాలలో నుండిరి. మంత్రసానులకు శవములతో పని లేదు. అప్పుడతడు పాత సంపుటములు తెఱచి లెక్క చూచెను. 1784 మొదలు 1822 వరకు 71,395 ప్రసవములకు మరణములు 897. ఆ కాలమున చాల భాగము అధికారి యైన బోయర్, విద్యార్థులకు బొమ్మ మీదనే పాఠము చెప్పెడివాడు. 1823లో క్లైన్ వచ్చి శవముల మీద బోధింపసాగెను. 1822లో 3,066 ప్రసవములకు 26గా నున్న మరణములు, 1823లో 2,872 ప్రసవములకు 214 ఆయెను.

1847 మే మధ్యమున, తలుపు కడ క్లోరిను నీళ్ల పాత్ర నిలిపి, శవపరీక్ష నుండి వచ్చువారెల్లరు అందులో చేతులు కడిగికొననిదే లోనికి రాకూడదని అతడు శాసించెను. కొంతకాలమునకు, చవుక గనుక, ఆ స్థానమున బ్లీచింగు పొడి కలిపిన నీరు వచ్చెను. ఏప్రిలులో 312 ప్రసవములకు 57గా నుండిన మరణములు జూనులో 268కి 6 ఆయెను. అక్టోబరులో మాత్రము మరల ఉత్పాతము. గర్భాశయమున పుండు పడి రసి కారు కాన్సరు రోగి ఒకతె మొదటి మంచముపై నుండగా, పరీక్ష ఆమెతో మొదలిడి తక్కినవారి యొద్దకు సబ్బుతో మాత్రమే చేతులు కడిగికొని పోయిరి. ఆమెతో కూడ ప్రసవించిన పండ్రెండు మందిలో పదునొకండుగురు మరణించిరి. శవము నుండియే గాక బ్రతికియున్న దేహము నుండియు విషము వచ్చునని దీనివలన తెలిసికొని, ప్రతి రోగికి నడుమ చేతులు కడుగుటను నియమము చేసెను. 1848లో మొదటి శాలలో 3,556 ప్రసవములకు మరణములు 45. రెండవ శాలలో 3,319కి 43. రెండు శాలలును ఒకటి యైనవి.

ఇంత స్ఫుటమైన అంకెలను చూచియు వైద్యలోకము తలయొగ్గలేదని మనము ఆశ్చర్యపడుదుము. నాకు అంత ఆశ్చర్యము తోచదు. ఆ అంకెలకు తలయొగ్గుటయనగా, ఇన్నేండ్లుగా తాము చంపితిమని ఒప్పుకొనుటయే. సెమ్మెల్‌వైస్ తన మట్టుకు ఒప్పుకొనెను. తన చేతి వలన అకాలమున గోరికి పోయినవారెందఱో దైవమునకే తెలియునని వ్రాసెను. కాని అతనియందును దోషము లేకపోలేదు. మిత్రుడు హెబ్రా 1847లోనే పత్రికాముఖమున ప్రకటింపగా, తాను మాత్రము 1861 తేదీతో గాని పుస్తకము వెలువరింపలేదు. వెలువరించిన పుస్తకము చెప్పినదే చెప్పుచు విసుగు పుట్టించును. పిమ్మట ఎదిరించిన ఆచార్యులకు వ్రాసిన బహిరంగ లేఖలలో వారిని హంతకులనుటకు వెనుదీయలేదు. 1865లో వియన్నా పిచ్చాసుపత్రిలో అతడు మరణించిన తీరును గూర్చి కథలు విస్తారముగా కలవు. ఇచ్చట వానితో పని లేదు.

పద్దులకు ఒక రూపము కల్పింపవలెనని పట్టుపట్టినది ఫ్లారెన్సు నైటింగేలు. ఏ వైద్యశాల లెక్క దాని తీరున నుండుటచే పోల్చిచూచుట అసాధ్యమని గ్రహించి, అన్నిటికిని ఒకే నమూనా పట్టికలను 1860లో లండను నగరమున జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుంచెను. ఆ పద్ధతి ఆమె సొంత పనినే దోషిగా నిలబెట్టినది. కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకై ఆమె నిధితో నడపిన పురిటి వార్డులో 1862 మొదలు 1867 వరకు 780 ప్రసవములకు 26 మరణములు సంభవింపగా, దానిని మూయించి, ఇండ్లలో ప్రసవించువారి కంటె వైద్యశాలలలో ప్రసవించువారే ఎక్కువగా మరణించుచున్నారని 1871లో ఒక గ్రంథము ప్రకటించెను. గాలి వెలుతురులపై ఆమెకు గల విశ్వాసము నేటి వారికి అతిగా తోచినను, తన వార్డు లెక్కను దాచక బయటపెట్టిన నిర్వాహకులు అంత విరివిగా దొరకరు.

తుదకు గోర్డన్ గడిలో పేరుతో పాటు మఱియొక సాక్ష్యము చేరినది. 1935లో డోరా కోల్‌బ్రుక్ అను ఆంగ్ల వైద్యురాలు, జ్వరపడిన బాలింతలలోని స్ట్రెప్టోకాకస్‌ను రక్తరస పరీక్షచే జాతులుగా విడదీసి, దాదుల యొక్కయు వైద్యుల యొక్కయు ఇంటివారి యొక్కయు ముక్కులలో గొంతులలో దొరకిన వానితో సరిపోల్చెను. పలుమార్లు అవి ఒకే జాతివి. తాకినవారెవరో వ్రాసియుండనిదే సరిపోల్చుటకు ఎవరి గొంతును పరీక్షింపవలెనో తెలియదు గనుక పేరు వ్రాయు గడి అప్పటికిని అవసరమే యాయెను; చేతులు ఎంత కడిగినను నోటికి ముసుగు లేనిచో చాలదనియు, గొంతు నొప్పితో నున్న దాదిని పురిటి గదిలోనికి రానీయరాదనియు వైద్యశాలలు నియమము చేసికొన్నవి.