షోలాపూర్ నేతవాడలు: వ్యాపారదక్షత, సహకారం, సుస్థిరాభివృద్ధి

నేటి అవసరాలు తీర్చుకుంటూనే రాబోయే తరాల అవసరాలకు భంగం కలగనీయని ప్రగతిని సుస్థిరాభివృద్ధి అంటారు. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం ఇచ్చిన ఈ నిర్వచనం ప్రకారం పరిశ్రమకు లాభం ఒక్కటే కొలమానం కాదు. కార్మికుల కూలి, నివాసం, ఆరోగ్యం కూడా లెక్కలోకి వస్తాయి. మహారాష్ట్రలోని షోలాపూర్ తెలుగు నేతవాడలు ఇందుకు చక్కని ఉదాహరణ.

పరిశ్రమ

తెలంగాణ జిల్లాల నుండి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు ఇక్కడ చేమగ్గాలపైన, బట్టల మిల్లులలోను, తరువాత మరమగ్గాలపైన జీవనం సాగించారు. 1870ల దశకంలో వెలసిన పాత మిల్లు 1960లలో మూతపడింది. మిగిలిన పెద్ద మిల్లులు కూడా కాలక్రమేణా ఆగిపోయాయి. నిలిచినవి నేత కుటుంబాలు స్వయంగా నెలకొల్పుకున్న చిన్న కార్ఖానాలే. వీటిలో తయారయ్యే జకార్డు దుప్పట్లకు, టర్కీ తువ్వాళ్లకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు లభించింది.

లోటు

ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది గాని, మగ్గం నడిపే మనిషి కూలిని కాపాడదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు కేటాయించమంటుంది. చిన్న కార్ఖానాలు ఆ పరిధిలోకి రావు. కనుక కార్మికుల సంక్షేమానికి వేరొక మార్గం అవసరమైంది.

సహకార మార్గం

ఆ మార్గం సహకారం. మార్కండేయ సహకార వైద్యశాల, పద్మశాలి శిక్షణ సంస్థ విద్యాలయాలు ఈ కోవలోనివే. గృహవసతి విషయంలో కార్మిక నాయకుడు, మాజీ శాసనసభ్యుడు ఆడం నర్సయ్య కృషి ప్రముఖమైనది. నగరం వెలుపల కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీల సహకార సంఘం నిర్మించిన 10,000 ఇళ్లు 2006లో వారికి అందాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయానికి కార్మికుల వాటా తోడైంది. అదే ప్రాంతంలో అసంఘటిత కార్మికుల కోసం తలపెట్టిన 30,000 ఇళ్ల రే నగర్‌లో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి అందజేశారు.

నేత కుటుంబాలలో స్త్రీలు అనేకులు బీడీలు చుడతారు. వారికి ఇల్లే పనిచోటు. కావున సొంత ఇల్లు కేవలం ఆశ్రయం కాదు, జీవనోపాధికి ఆధారం కూడా.

ముగింపు

వ్యాపారదక్షత షోలాపూర్ దుప్పటికి దేశమంతటా పేరు తెచ్చింది. సహకారం దానిని నేసినవారికి నీడ కల్పించింది. మగ్గంపై న్యాయమైన కూలి, కొత్త కాలనీల నుండి కార్ఖానాలకు చవకైన రవాణా, అద్దకపు నీటి శుద్ధి కూడా సమకూరినప్పుడే ఈ అభివృద్ధి తరువాతి తరానికి నిలుస్తుంది.