గుల్ల జీవులు, సముద్ర ఆమ్లీకరణ: ఒక చరిత్ర

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్న కొద్దీ సముద్రపు నీటిలో క్షారగుణం తగ్గిపోవడాన్ని సముద్ర ఆమ్లీకరణ అంటారు. పేరులో ఆమ్లం ఉంది కదా అని సముద్రం పులిసిపోయిందనుకోకూడదు. పారిశ్రామిక యుగానికి ముందు పైపొర నీటి పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు 8.1కి కాస్త దిగువన ఉంది. 7 దాటి ఉన్నంతవరకు అది క్షారమే. అయితే పీహెచ్ లెక్కలో ఒక అంకె తగ్గితే ఆమ్లగుణం పదిరెట్లు పెరిగినట్టు. అందువల్ల చూడటానికి చిన్నదిగా ఉన్న ఈ తేడాకే నీటిలో హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి.

పెరిగిన అయాన్లు ఊరుకోవు. నీటిలోని కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. ఆల్చిప్పలు, నత్తలు, పగడాలు ఇల్లు కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తోనే. కాల్షియానికి సముద్రంలో కొదవలేదు, కరువు వచ్చేది కార్బొనేట్‌కే.

గుల్ల అంటే ఏమిటో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తాంబూలంలోకి, గోడలకు వాడిన గుల్ల సున్నం దాన్ని బట్టీలో కాల్చి తీసిందే. ఒడ్డున ఏరుకొచ్చిన ఎండు గుల్లను పొడిచేసి నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ లేస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడే, బట్టీలోంచి పోయేదీ అదే. ఆమ్లీకరణ అనగానే చాలామందికి ఈ నురగే గుర్తొస్తుంది, గుల్లలు కరిగిపోతున్నాయని అనుకుంటారు. ఈ విషయపు చరిత్ర చదివితే మాత్రం అసలు చిక్కు కరగడంలో కన్నా కట్టుకోవడంలో ఎక్కువ ఉందని తెలుస్తుంది.

గుల్లలు కరుగుతాయన్న సంగతి 19వ శతాబ్దంలోనే బయటపడింది. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు చుట్టిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్ మీద వెళ్లినవారు, ఒక లోతు దాటాక అడుగు బురదలో సున్నపు గుల్లలు కనిపించకుండా పోవడం గమనించారు. లోతులో చలి, ఒత్తిడి ఎక్కువ, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ. పైనుంచి రాలిన చిప్పలు అక్కడికి చేరేసరికి కరిగిపోతాయి. అప్పట్లో దీన్ని సముద్రగర్భపు వింతగానే చూశారు. మనిషి చేతల వల్ల అలాంటి నీరు ఒడ్డుకు రావచ్చన్న ఊహ ఇంకా పుట్టలేదు. పీహెచ్ కొలమానం కూడా 1909లోగానీ రాలేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ దాన్ని రూపొందించాడు.

ఇరవయ్యో శతాబ్దం సగం వరకు, మనం వదిలే పొగనంతా సముద్రం హాయిగా మింగేస్తుందన్న ధీమా ఉండేది. 1957లో రోజర్ రెవెల్, హన్స్ స్యూస్ రాసిన వ్యాసం ఆ ధీమాను సడలించింది. సముద్రపు నీటి రసాయనమే కార్బన్ డయాక్సైడ్‌ను ఒక స్థాయికి మించి తీసుకోవడానికి మొరాయిస్తుందని వాళ్లు చూపారు. మరుసటి ఏడాది చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 దగ్గర ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మనుషులు వదిలే దానిలో సుమారు నాలుగో వంతు సముద్రంలోకే పోతోంది. గాలికి ఆ మేరకు భారం తగ్గింది కానీ ఆ లెక్క నీటి ఖాతాలో చేరింది.

జీవుల మీద దీని ప్రభావం గురించిన ఆందోళన మొదట పగడాల దగ్గర మొదలైంది. 1999లో జోన్ క్లేపస్ బృందం, కార్బొనేట్ తగ్గితే పగడపు దిబ్బల పెరుగుదల కుంటుపడుతుందని సైన్స్ పత్రికలో హెచ్చరించింది. 2003లో కెన్ కాల్డేరా, మైకేల్ వికెట్ నేచర్ పత్రికలో వేసిన అంచనా, 2005లో బ్రిటన్ రాయల్ సొసైటీ నివేదిక వచ్చాక సముద్ర ఆమ్లీకరణ అన్న మాట వాడుకలోకి వచ్చింది. అయినా అవన్నీ రాబోయే వందేళ్ల గురించిన గ్రాఫులు. వాటికి ప్రాణం పోసింది ఒక హేచరీకి వచ్చిన నష్టం.

అమెరికా పశ్చిమ తీరంలో, ఒరెగాన్ రాష్ట్రంలోని నెటార్ట్స్ బే ఒడ్డున విస్కీ క్రీక్ అనే ఆల్చిప్పల హేచరీ ఉంది. ఆ తీరంలో పెంచే పసిఫిక్ ఆల్చిప్ప స్థానికమైంది కాదు. స్థానిక జాతి తరిగిపోయాక ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో జపాన్ నుంచి తెచ్చుకున్నది. అక్కడి చల్లటి నీటిలో అది అన్నిచోట్లా తనంతట తాను పిల్లలు పెట్టదు కాబట్టి చాలామంది రైతులు హేచరీలో పుట్టించిన పిల్లల మీదే, అంటే సీడు మీదే ఆధారపడతారు. నెల్లూరు, భీమవరం రొయ్యల రైతులకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. సీడు రాకపోతే చెరువు ఖాళీ.

2007లో విస్కీ క్రీక్ ట్యాంకుల్లో పిల్లలు చావడం మొదలైంది. సూక్ష్మదర్శినితోగానీ కనిపించనంత చిన్న డింభకాలు తిండి మానేసి, ఎదుగుదల లేక, లక్షల్లో అడుగుకు దిగిపోయేవి. ఇలాంటప్పుడు హేచరీవాళ్లు ఎక్కడైనా ముందు అనుమానించేది రోగాన్నే. ఇక్కడా విబ్రియో బాక్టీరియా మీద పడ్డారు. ఖర్చుపెట్టి నీటిని వడకట్టి శుద్ధి చేశారు. 2008 వేసవిలో, శుద్ధి చేసిన ఆ నీటిలోనే మళ్లీ పిల్లలు చనిపోయాయి.

అదే ఏడాది రిచర్డ్ ఫీలీ బృందం సైన్స్ పత్రికలో ఒక సర్వే ప్రచురించింది. కెనడా నుంచి మెక్సికో దాకా తీరం వెంట ఓడలో తిరిగి, గుల్లలను తినేసే స్వభావమున్న నీరు ఒడ్డుకు దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి ఎక్కి వస్తోందని వాళ్లు కనుగొన్నారు. వేసవిలో ఉత్తరం నుంచి వీచే గాలి పైనీటిని సముద్రంలోకి నెట్టేస్తే, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు లేస్తుంది. కుళ్లిన జీవపదార్థం వల్ల అందులో కార్బన్ డయాక్సైడ్ సహజంగానే ఎక్కువ. దానిమీద మనిషి వదిలింది చేరింది. ఆ నీరు చివరిసారి గాలిని తాకి సుమారు యాభై ఏళ్లయిందన్నది ఆ వ్యాసంలో నన్ను ఎక్కువ ఆపిన వాక్యం. ఆల్చిప్ప పిల్లల్ని చంపిన నీరు కీలింగ్ కొలతలు మొదలైన నాటి గాలిని మోసుకొచ్చిందన్నమాట. నేటి గాలిని పీల్చి దిగిన నీరు ఆ తీరంలో పైకి లేవడానికి ఇంకా కొన్ని దశాబ్దాలుంది.

హేచరీలో పనిచేసే అలన్ బార్టన్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బర్క్ హేల్స్ కలిసి ట్యాంకుల్లోకి వచ్చే నీటిని పట్టిపట్టి కొలిచారు. హేల్స్ తయారుచేసిన యంత్రానికి తోటివాళ్లు సరదాగా బర్కొలేటర్ అని పేరు పెట్టారు. అది అలాగే నిలిచిపోయింది. 2012లో వచ్చిన వారి వ్యాసంతో లెక్క తేలింది. నీటిలో కార్బొనేట్ పలచబడిన రోజుల్లో పుట్టిన పిల్లలు ఆ తర్వాత ఎదగలేదు. విరుగుడు మాత్రం చాలా మామూలుది. ట్యాంకు నీటిలో సోడియం కార్బొనేట్, అంటే మన వాషింగ్ సోడా, కలిపారు. పగలు ఎండలో బేలోని నాచు, గడ్డి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకున్నాక, మధ్యాహ్నం దాటి నీళ్లు తోడుకునేలా వేళలు మార్చారు. ఉదయం, సాయంత్రం పీహెచ్ చూసుకుని సున్నమో డోలమైటో చల్లే మన ఆక్వా రైతుకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఆల్చిప్ప జీవితంలో గండం ఎప్పుడో ఈ ఘటన తర్వాతి పరిశోధనలతో తెలిసింది. గుడ్డు ఫలదీకరణ చెందాక మొదటి రెండు రోజుల్లోనే పిల్ల తన తొలి గుల్లను కట్టుకోవాలి. అప్పటికి దానికి మేత మేసే అవయవాలు పూర్తిగా ఏర్పడవు, తల్లి గుడ్డులో పెట్టిన కొవ్వే పెట్టుబడి. కార్బొనేట్ దండిగా ఉంటే ఆ పెట్టుబడిలో కొంత మిగులుతుంది. తక్కువైతే అదే గుల్లకు ఎక్కువ శక్తి వెచ్చించాలి. ఇల్లు పూర్తవుతుంది, తినడానికి సత్తువ మిగలదు. ట్యాంకుల్లో మేత మానేసినట్టు కనిపించిన పిల్లల కథ ఇదే. జార్జ్ వాల్డ్‌బస్సర్ బృందం 2015లో, ఇక్కడ అసలు కొలవాల్సింది పీహెచ్ కన్నా కార్బొనేట్ సంతృప్త స్థాయిని, అంటే గుల్లకు కావలసిన కార్బొనేట్ నీటిలో ఎంత దండిగా ఉందో దాన్ని, అని చూపింది.

హేచరీల నష్టం ప్రభుత్వాన్నీ కదిలించింది. పొరుగున ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం నియమించిన నిపుణుల సంఘం 2012 నవంబరులో 42 సిఫార్సులు చేసింది. అక్కడి ఒక ఆల్చిప్పల కుటుంబం సొంత తీరాన్ని నమ్ముకోలేక హవాయిలోని హిలోలో హేచరీ పెట్టుకుంది. సీడు అక్కడ, పెంపకం ఇక్కడ.

గుల్ల ఉన్న ప్రతి జీవీ ఒకేలా దెబ్బతింటుందనుకుంటే పొరపాటు. 2009లో జస్టిన్ రీస్, ఇద్దరు సహచరులతో కలిసి 18 జాతులను కార్బన్ డయాక్సైడ్ పెంచిన నీటిలో 60 రోజులు ఉంచి చూశాడు. పదింటికి గుల్ల కట్టడం తగ్గింది. నీలి పీత, లాబ్‌స్టర్ వంటి ఏడింటికి పెరిగింది. నీలి మసెల్ అనే చిప్ప జీవికి పెద్ద తేడా రాలేదు. బరువైన పెంకు వచ్చిన పీత ఆ శక్తిని ఎక్కడి నుంచి తెచ్చిందన్నది వేరే ప్రశ్న. మరోవైపు, సముద్రం అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేచే ఇటలీలోని ఇస్కియా ద్వీపం దగ్గర, జేసన్ హాల్‌స్పెన్సర్ బృందం 2008లో బతికున్న నత్తల గుల్లలే కొరుక్కుపోయి ఉండటం చూసింది. 2012లో దక్షిణ మహాసముద్రంలో తేలే టెరోపాడ్ నత్తల మీదా అలాంటి గాట్లే దొరికాయి. అంటే నిమ్మకాయ దృశ్యం పూర్తిగా అబద్ధం కాదు.

అదే కార్బన్ డయాక్సైడ్ తెచ్చే వేడి సంగతి మరో దారిన నడుస్తుంది. చల్లటి నీరు వాయువును ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కార్బొనేట్ కరువు ముందుగా ధ్రువాల వైపు కనిపిస్తుంది. ఉష్ణమండలంలో ఆ ఇబ్బంది తక్కువ. కానీ నీరు వేడెక్కితే జంతువు శరీరం జోరుగా పనిచేసి ఎక్కువ తిండి అడుగుతుంది, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. గుల్ల కట్టుకోవడానికి ఖర్చు పెరిగిన సమయంలోనే ఇంటి ఖర్చూ పెరిగినట్టు.

కొన్నిసార్లు వేడి అంత ఓపిక కూడా పట్టదు. 2021 జూన్ చివర కెనడా, అమెరికా వాయవ్య తీరం మీద వడగాలి కమ్ముకుంది. బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లో సముద్రపు పాటు పట్టపగలే వచ్చి రాళ్లు ఎండకు బయటపడ్డాయి. రాయి ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటిన చోట్లున్నాయి. మసెల్స్ ఉన్నచోటే ఉడికిపోయి నోళ్లు తెరిచాయి, వాంకోవర్ బీచ్ కుళ్లు వాసన కొట్టింది. చనిపోయిన తీర జీవుల సంఖ్య వంద కోట్లు దాటి ఉంటుందని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ హార్లీ అంచనా వేశాడు. ఆమ్లీకరణతో దీనికి సంబంధం లేదు. కానీ చచ్చింది ఆ ఆల్చిప్పల ఇరుగుపొరుగు జీవులే.

బంగాళాఖాతం లెక్క ఇంకో రకం. గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చే మంచినీరు ఇక్కడి పైపొరను పలచన చేస్తుంది. నీటి రసాయనం ఋతువుతో, వరదతో మారుతూ ఉంటుంది. కాకినాడ బేలో ఒకప్పుడు సున్నం కోసం జనం పట్టిన పల్చటి, అద్దంలా వెలుతురు పారే చిప్పలు ఈ మార్పులకు అలవాటు పడినవే. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాల తేడాతో తీసిన కొలతలను పోల్చి 2015లో ఒక వ్యాసం ప్రచురించారు. తీర బంగాళాఖాతంలో వాయవ్య భాగపు నీటి పీహెచ్ తగ్గిందని అందులో తేలింది. దానికి వాళ్లు చూపిన కారణాల్లో ఉత్తరాది మైదానాల మీదుగా గాలిలో కొట్టుకొచ్చి సముద్రంలో రాలే సల్ఫేట్, నైట్రోజన్ ధూళి కూడా ఉంది.