బొంబాయి హై అగ్నిప్రమాదము

పండుగనాడు మన ఇండ్లలో బూరెలు వేగునది గ్యాసుపొయ్యి మీదనే. ఆ గ్యాసు ఎచ్చటి నుండి వచ్చినదని అడుగువారు అరుదు. బొంబాయికి పడమర సుమారు 160 కిలోమీటర్ల దూరమున, నడిసముద్రములో, బొంబాయి హై అను చమురు క్షేత్రము గలదు. నేడు దానిని ముంబై హై అనుచున్నారు. 1974లో ‘సాగర్ సమ్రాట్’ అను త్రవ్వకపు రిగ్గు అచ్చట చమురును కనుగొన్నది. 1976లో ఉత్పత్తి ఆరంభమైనది. అచ్చటి గ్యాసు సముద్రపుటడుగున వేసిన గొట్టముల ద్వారా ఉరణ్ కర్మాగారము చేరును. అందులో కొంత వంటగ్యాసుగా మారును. ఈ సంపదకు కొందరు తమ ప్రాణములనే మూల్యముగా చెల్లించిన సంగతి మహారాష్ట్రలో స్థిరపడిన మన తెలుగువారు తెలిసికొనదగినది.

క్షేత్రపు ఉత్తర భాగమున, సముద్రములో ఉక్కుస్తంభములపై కట్టిన నాలుగు వేదికలు వంతెనలతో కలుపబడి యుండినవి. వానిలో 1981 నాటి ఉత్తర వేదిక ముఖ్యమైనది. గ్యాసును, చమురును సముద్రపుటడుగు నుండి పైకి చేర్చు నిలువు గొట్టములను రైజర్లు అందురు. ఇవి వేదిక చట్రమునకు వెలుపలి వైపుననే అమర్చబడినవి. చిన్న సరఫరా నావల తాకిడికి తగిన అడ్డుకంచెలు ఉండినవే గాని, పెద్దనౌక వచ్చి తగిలిన ఆపగల రక్షణ లేదు.

2005 జూలై 26న బొంబాయిలో కుండపోత వర్షము కురిసినది. శాంతాక్రజ్‌లో ఒక్కదినమున 944 మిల్లీమీటర్లు నమోదైనది. మరునాడు, జూలై 27న, క్షేత్రములో పనిచేయుచున్న ‘సముద్ర సురక్ష’ అను నౌకలో వంటమనిషి చేతివ్రేళ్ళ కొనలు తెగినవి. అతనిని వైద్యమునకు చేర్చవలెను. హెలికాప్టర్లు ఎగురలేని వాతావరణము. అందుచే నౌకను ఉత్తర వేదిక ప్రక్కకు తెచ్చి, క్రేనుకు కట్టిన బుట్టలో క్షతగాత్రుని పైకి చేర్చ నిశ్చయించినారు.

గాలి మాటున నుండు వైపు క్రేను పనిచేయుట లేదు. కనుక గాలియు కెరటములును నౌకను వేదిక మీదికే నెట్టు వైపునకు పోవలసివచ్చినది. నౌక కుడివైపు చోదకయంత్రము మందముగా పనిచేయుచుండుటచే, కంప్యూటరు సాయము విడిచి చేతితోనే నడిపినారు. క్షతగాత్రుని సురక్షితముగా పైకి చేర్చినారు. పిమ్మట నౌక వెనుకకు మరలుచుండగా పెద్ద కెరటము దానిని ఎత్తి నెట్టినది. నౌక పైభాగమున నున్న హెలికాప్టరు దిగు వేదిక రైజర్లను తాకినది. గొట్టము పగిలి గ్యాసు బయటికి చిమ్మినది, వెంటనే నిప్పంటుకొన్నది.

ఆ మంట వేడికి ప్రక్క రైజర్లును పగిలినవి. సుమారు రెండు గంటలలో ఉత్తర వేదిక కరగి సముద్రమున కూలినది. ఎనిమిది ప్రాణరక్షక నావలలో రెండింటిని మాత్రమే దింపగలిగినారు. వేదికలు, నౌక, ప్రక్కనున్న త్రవ్వకపు రిగ్గు అన్నియు కలిపి 384 మంది ఉండిరి. నౌకాదళము, తీరరక్షక దళము, సమీప నౌకలవారు శ్రమించి 362 మందిని కాపాడినారు. 22 మంది మరణించినారు. వారిలో సగము మంది దేహములు దొరకలేదు. నౌకలోని పీడనగదిలో ఆరుగురు గజయీతగాండ్రు చిక్కుకొనిరి. పీడనము తగ్గనిదే వారిని బయటికి తీయుట ప్రాణాపాయము. సుమారు 36 గంటల పిదప వారిని రక్షించినారు. ఆగస్టు 1న సముద్ర సురక్ష మునిగిపోయినది.

వంటమనిషి గాయమే దీనికి కారణమనుట అన్యాయము. అతని కొరకు నౌకను తెచ్చుట మానవధర్మము. చెడిన క్రేను, మందగించిన యంత్రము, రక్షణలేని గొట్టములు, ఉధృతమైన సముద్రము: ఇవి విడివిడిగా తెలిసినవే. అన్నియు ఒకే గంటలో కలిసినచో ఏమగునో ముందుగా ఆలోచించకపోవుటయే అసలు దోషము. 1988లో ఉత్తర సముద్రమున పైపర్ ఆల్ఫా వేదికపై 167 మంది మరణించినారు. అచ్చట కూడ పగిలిన గ్యాసు గొట్టములే మంటను పెంచినవి. ఆ హెచ్చరిక పదునేడేండ్ల ముందే లోకమునకు అందినది.

ఈ ప్రమాదముచే దేశము రోజుకు లక్ష పీపాలకు పైగా చమురు ఉత్పత్తిని కొంతకాలము కోల్పోయినది. 2008లో కేంద్రప్రభుత్వము సముద్రపు చమురు పనుల భద్రతకు ప్రత్యేక నియమావళిని జారీ చేసినది. అయినను 2021 మే నెలలో, తుఫాను హెచ్చరిక ఉండియు క్షేత్రమున నిలిచిన పి-305 అను బార్జి మునిగి 70 మందికి పైగా మరణించినారు. వారిలో అనేకులు కాంట్రాక్టు పనివారు. నియమము కాగితముపై నుండుట వేరు, గాలివాన నాడు పాటింపబడుట వేరు.

కాకినాడ, యానాం తీరములకు ఆవల మన గోదావరి సముద్రములోను గ్యాసు తీయుచున్నారు. కనుక ఈ గుణపాఠము బొంబాయికే పరిమితము కాదు. పనివాని ప్రాణము ఉత్పత్తి లెక్కకు తీసిపోదను ఎరుక యజమానులలోను, ప్రభుత్వములోను, మనలోను స్థిరపడవలెను. చెడిన క్రేనును ఈనాడే బాగుచేయించుడని అడుగు పనివాని మాటకు విలువ కలిగిననాడే ఆ 22 మందికి మనము నిజముగా నివాళి అర్పించినవారమగుదుము.