పులికాట్ లుంగీ నుంచి శ్రీసిటీ ప్రొక్లెయిన్ దాకా: సరుకు మనది, బేరం ఎవరిది?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక లుంగీతో మొదలుపెడదాం.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కదా. అప్పుడు ప్రాజెక్ట్ పని మీద మలేషియాకి పోయా. అక్కడొక బట్టల షాపులో గళ్ళ లుంగీలు వరసగా పెట్టున్నారు. పేరడిగితే "కైన్ పెలికాత్" అన్నాడు షాపాయన. కైన్ అంటే గుడ్డ. మరి పెలికాత్ అంటే? మన పులికాటే! "మాది ఆ చెరువు పక్క ఊరే" అని చెప్పా. అదొక ఊరి పేరని ఆయనకి తెలీదు. లుంగీ పేరనే అనుకుంటున్నాడు.

సూళ్ళూరుపేట, తడ వాళ్ళకి పులికాట్ అంటే ఫ్లెమింగోలు, చేపలు, శ్రీహరికోట రోడ్డు. సరస్సులో ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలోనే ఉంది. పులికాట్ ఊరు మాత్రం, అంటే పళవేర్కాడు, తమిళనాడు వైపు ఉంది. నాలుగొందల ఏళ్ళ కిందట ఆ ఊరు ఎక్స్‌పోర్ట్ హబ్. ఆ కథ ఇవాళ ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మా మామయ్య విషయానికొస్తే మీకే తెలుస్తుంది.

డచ్చివాళ్ళ ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1602లో. వాళ్ళకి కావాల్సింది ఇండోనేషియా వైపు మొలుక్కాస్ దీవుల్లో దొరికే లవంగాలు, జాజికాయ. అక్కడికి పోతే తెలిసిందేంటంటే, ఆ దీవుల వాళ్ళు మసాలాలకి బదులు అడిగేది కోరమాండల్ గుడ్డలు, అంటే మన తీరంలో నేసి, రంగులద్దినవి. అందుకే కోరమాండల్ తీరం మొలుక్కాస్‌కి ఎడమ చెయ్యి లాంటిదని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి 1612లోనే రాశాడు.

సరే, గుడ్డలు కొనాలంటే రాజు గారి పర్మిషన్ కావాలి. అప్పుడు రాజు రెండో వెంకటపతి రాయలు. తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుకొండకి, అక్కణ్ణుంచి చంద్రగిరికి, ఆ తర్వాత వెల్లూరుకి మారిన విజయనగరం ఆయనది. పులికాట్ రేవు ఆయన రాణుల్లో ఒకామె ఆధీనంలో ఉండేది. డచ్చివాళ్ళు కానుకలతో డెలిగేషన్‌ని పంపారు. వీళ్ళకి ఇవ్వొద్దని శాంథోమ్‌లో ఉన్న పోర్చుగీసు వాళ్ళు అటునుంచి రాజుని ఒత్తిడి చేస్తున్నారు. అయినా 1610లో డచ్చివాళ్ళకి కౌలు దొరికింది. 1612లో పోర్చుగీసు వాళ్ళు వచ్చి వాళ్ళ కొట్టు మీద పడ్డారు. దాంతో 1613లో కోట లేచింది. అదే గెల్డ్రియా కోట.

ఇంక అసలు పాయింట్‌కొద్దాం. ఒక్కో దీవిలో ఒక్కో టేస్ట్. ఏ ఊళ్ళో ఏ అంచు, ఏ రంగు, ఎంత పొడవు అడుగుతున్నారో కనుక్కుని, మచ్చు గుడ్డలతో సహా బటావియా నుంచి పులికాట్‌కి ఆర్డర్ వచ్చేది. ఇక్కడి వర్తకులు ఆ ఆర్డర్ తీసుకుని నేతగాళ్ళకి అడ్వాన్సులిచ్చి నేయించేవాళ్ళు. మన నేతగాడు చేతిలో పని ఉన్నోడే. కానీ కట్టుకునే మనిషి మొహం ఎప్పుడూ చూళ్ళేదు. ఆ మనిషికి ఏం కావాలో రాసుండే పుస్తకం డచ్చివాళ్ళ దగ్గరుంది.

అంటే మనవాళ్ళెవరూ సముద్రం దాటలేదా? దాటారు. అచ్యుతప్ప శెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న శెట్టి అని తెలుగు బలిజ వర్తకులు పులికాట్‌లో ఉండేవాళ్ళు. డచ్ కాగితాల్లో ఈ కుటుంబానికి "మలయ" అని పేరు. డచ్చివాళ్ళకి గుడ్డలు సప్లై చేస్తూనే, సొంత ఓడలు ఆగ్నేయాసియాకి పంపినోళ్ళు. కానీ అలాంటోళ్ళు కొద్దిమందే. పైగా సముద్రం మీద పోవాలంటే డచ్చివాళ్ళ పాసు కావాలి. మసాలా దీవుల వైపు వేరేవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. కరువులొచ్చినప్పుడు ఇదే రేవు నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించి బటావియాకి పంపారు. కాబట్టి "ఆహా, ఎంత గొప్ప వ్యాపారం" అని ఊరికే చప్పట్లు కొట్టలేం.

1690లో డచ్చివాళ్ళు తమ హెడ్ ఆఫీసుని నాగపట్నానికి మార్చేశారు. 1825లో పులికాట్‌ని ఇంగ్లీషు వాళ్ళకి అప్పజెప్పి పోయారు. ఇప్పుడు పోతే కోట గుర్తులు, గేటు మీద అస్థిపంజరాలు చెక్కిన డచ్ సమాధులు కనిపిస్తాయి. గుడ్డ పేరు మలేషియాలో మిగిలింది. ఆ గుడ్డ కొనేవాడి అడ్రస్ మాత్రం ఈ ఊళ్ళో ఎవరి దగ్గరా మిగల్లేదు.

ఇప్పుడు ఆ సరస్సు పక్కకే, ఈ కాలానికి వద్దాం. తడ దగ్గర శ్రీసిటీలో జపాన్ కంపెనీ కొబెల్కో ఎక్స్‌కవేటర్లు తయారు చేస్తోంది. మనోళ్ళు వాటిని ప్రొక్లెయిన్ అంటారు. అది కూడా పొక్లెయిన్ అనే ఫ్రెంచ్ కంపెనీ పేరే, పులికాట్ ఊరి పేరు లుంగీ పేరైనట్టు! ఇట్లాంటి మిషన్లకి పిన్నులు, బుష్‌లు, పైపులు చేసే చిన్న చిన్న వర్క్‌షాపులు మన చుట్టూ చాలా ఉన్నాయి.

వీళ్ళు నేరుగా బయటి దేశాలకి అమ్మాలంటే దారేంటి? 1955లో పెట్టిన ఇంజినీరింగ్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ ఒకటుంది. ఎగుమతిదారుల్ని గ్రూపుగా విదేశీ ట్రేడ్ షోలకి తీసుకెళ్ళి, ఇండియా పెవిలియన్‌లో స్టాల్ ఇప్పిస్తుంది. మార్కెట్ యాక్సెస్ ఇనిషియేటివ్ అనే స్కీము కింద స్టాల్ ఖర్చులో, టికెట్‌లో కొంత సాయం చేస్తూ వచ్చారు. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద షో మ్యూనిక్‌లో జరిగే బౌమా. 1954లో మొదలైంది, ఇప్పుడు మూడేళ్ళకోసారి జరుగుతుంది. మన దగ్గర బెంగళూరులో ఎక్స్‌కాన్ ఉంది.

మా మామయ్యకి నాయుడుపేటలో లేత్ షాపుంది. ప్రొక్లెయిన్ బకెట్ పిన్నులు చేస్తాడు. కొన్నేళ్ళ కిందట అత్త నగలు బ్యాంకులో పెట్టి, డెలిగేషన్‌తో ఒక విదేశీ ఎగ్జిబిషన్‌కి పోయినాడు. తిరిగొచ్చేటప్పుడు స్వీట్ బాక్సు నిండా విజిటింగ్ కార్డులు తెచ్చినాడు. అందరికీ మెయిళ్ళు పెట్టింది నేనే. ఆరు నెలలైనా ఒక్క ఆర్డర్ రాలే. అత్త ఏమీ అనలేదు. ఆ బాక్సుని మాత్రం టీవీ పక్కనుంచి తీసి అటక మీద పడేసింది.

"ఏం మామా, ఏమడిగారు అక్కడ?" అన్నా.

"రేటు చెప్పినా అబ్బోడా. వాళ్ళు రేటు అడగలా. మా క్వారీలో ఎన్ని గంటలు తట్టుకుంటది అన్నారు. వచ్చే నెల ఇరవై కావాలంటే ఎక్కణ్ణుంచి ఇస్తావన్నారు. నాకేం తెలుసు?"

రెండోసారి పోయినప్పుడు స్టాల్లో కూర్చోలా. ఒక ఆఫ్రికా కంపెనీ మెకానిక్‌తో దోస్తీ చేసి, కొన్నాళ్ళకి వాళ్ళ దగ్గర అరిగిపోయిన పిన్ను ఒకటి తెప్పించుకున్నాడు. టవల్‌లో చుట్టి దాచుకున్నాడు ఆ ఇనప ముక్కని! అది ఒక పక్కే అరిగింది. పైన గట్టిపరిచిన పొర పల్చగా ఉండి, గ్రీజు అందని చోట పోతోందని అర్థమైంది. పొర లోతు పెంచి, గ్రీజు గాడి మార్చి, అరవై పిన్నులు శాంపిల్‌గా పంపినాడు. ఆర్డర్ వచ్చింది. పెద్దదేం కాదు. కానీ మళ్ళీ వచ్చింది. నగలు ఇంటికొచ్చినాయి.

ఆ అరిగిన పిన్ను చూసినప్పుడు నాకు డచ్చివాళ్ళ మచ్చు గుడ్డే గుర్తొచ్చింది. అప్పుడు ఆ మచ్చు వాళ్ళ చేతిలో ఉంది, అందుకే బేరమూ వాళ్ళ చేతిలోనే ఉండింది. డెలిగేషన్లు, స్టాళ్ళు, సబ్సిడీలు అవసరమే. రాజు దగ్గరికి ఎవరూ పోకపోతే డచ్చివాళ్ళకైనా కౌలు దొరికేది కాదు. కానీ పోయినోళ్ళు బ్రోషర్లు పంచి, ఫోటోలు దిగి వచ్చేస్తే అది టూరే. కొనేవాడి దగ్గర ఏం అరుగుతోందో, ఏం విరుగుతోందో తెలుసుకుని రావాలి. విడిభాగం ఎన్ని రోజుల్లో అందిస్తామో లెక్క కట్టుకుని పోవాలి. చిన్న షాపుల వాళ్ళు ఒక్కొక్కరుగా చేయలేకపోతే, నలుగురు కలిసైనా అక్కడొక గోడౌన్ చూసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఈసారి అలాంటి షోకి పోతుంటే, వచ్చాక ఎన్ని కార్డులొచ్చాయి అని అడగొద్దు. ఎవరితో మాట్లాడావు, వాళ్ళ మిషన్ ఎక్కడ ఆగిపోతోందంట అని అడగండి.

మా అత్త ఆ స్వీట్ బాక్సుని అటక మీద నుంచి దించలేదు. అరిగిన పిన్ను మాత్రం టీవీ పక్కనే ఉంది.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో దుగరాజపట్నం పోదాం. పులికాట్‌లో నిలవలేక ఇంగ్లీషు వాళ్ళు 1626లో అక్కడ కొట్టు పెట్టుకున్న కథ ఉంది. ఉంటానండి.