కనుగుంటలో పురుగు తిత్తి.. సొంతవైద్యంతో ముప్పు

భద్రాచలం: కనురెప్ప వాచి, కన్ను ఎర్రబడి, చూపు తిప్పితే నొప్పి పుట్టి, ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంటే కండ్లకలకగా భావించి చుక్కల మందుతో సరిపెట్టరాదు. కనుగుంటలోని కండరంలో బద్దెపురుగు పిల్ల చేరి తిత్తి కట్టి ఉండవచ్చు. వైద్యులు దీనిని సిస్టిసెర్కోసిస్‌ అంటారు.

పందిమాంసం తిననివారికి ఇది రాదన్న నమ్మకం సరికాదు. సరిగా ఉడకని మాంసంతో పేగులోకి చేరేది పెద్ద పురుగు. తిత్తికి మూలం దాని గుడ్లు. పురుగున్న మనిషి మలంతో బయటపడిన గుడ్లు నీటితో, కడగని ఆకుకూరలతో, శుభ్రం చేసుకోని చేతులతో నోటికి చేరుతాయి. శాకాహారులకూ మినహాయింపు లేదు. ఖమ్మం నుంచి 2016లో విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం, చర్ల వంటి అటవీ మండలాల్లో వాగు, చెలమ నీరు తాగేవారు కాచి చల్లార్చుకోవడం అవసరం.

అల్ట్రాసౌండ్‌, సీటీ స్కాన్‌లలో తిత్తి, అందులో చుక్కలా పురుగు తల కనిపిస్తాయి. కండరంలోని తిత్తికి సాధారణంగా కోత అక్కరలేదు. అల్బెండజోల్‌ను శరీర బరువు కిలోకు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున సుమారు 4 వారాలు, వాపును అదుపుచేసే స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తారు. బడుల్లో పంచే 400 మిల్లీగ్రాముల నులిపురుగుల మాత్ర ఒక్కటి దీనికి చాలదు. అలాగని మందుల దుకాణంలో కొని సొంతంగా వాడటం మరీ ప్రమాదం. మెదడులోనో, కనుగుడ్డు లోపలో మరో తిత్తి దాగి ఉంటే, చచ్చే పురుగు చుట్టూ రేగే వాపు మూర్ఛకు, అంధత్వానికి దారితీయవచ్చు. అందుకే ముందుగా ఆ రెండింటినీ పరీక్షిస్తారు. కనుగుడ్డులోని తిత్తిని శస్త్రచికిత్సతో తొలగిస్తారు.

కుక్కల నుంచి సంక్రమించే హైడాటిడ్‌ తిత్తి వేరు. కనుగుంటలో అది బహు అరుదు. కన్నును మెల్లగా ముందుకు నెట్టే ఆ తిత్తిని పగలనీయకుండా తీయవలసి ఉంటుంది. ఇటువంటి కేసులకు హైదరాబాదు మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.