ఒక విడి సంపుటం నేర్పిన ఇంగ్లీషు

ఇంగ్లీషు బాగా రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలన్న మాట ఈమధ్య హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి చోట్ల మన ఇళ్ళల్లోనూ వినిపిస్తోంది. బడిలో ఎలాగూ తెలుగు అందని పిల్లలకు ఇంట్లో కూడా దాన్ని దూరం చేసే ముందు, మూడు వందల ఏళ్ళ కిందటి ఒక అచ్చుకూటం కుర్రవాడి సంగతి తెలుసుకోవడం మంచిది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. రెండేళ్ళతోనే బడి చదువు ముగిసింది. పన్నెండో ఏట అన్నగారి అచ్చుకూటంలో పనికి కుదిరాడు. ఒక స్నేహితుడితో ఉత్తరాలలో వాదన సాగిస్తుండగా తండ్రి వాటిని చదివి, అక్షర దోషాలు తక్కువే గాని రచనలో సొగసు, క్రమం, స్పష్టత లేవని చెప్పాడు.

అప్పుడు అతని చేతికి ‘స్పెక్టేటర్’ విడి సంపుటం ఒకటి వచ్చింది. అడిసన్, స్టీల్ 1711లో లండన్‌లో మొదలుపెట్టిన పత్రిక అది. అందులో వ్యాసాలు చిన్నవి. ఫ్రాంక్లిన్ ఒక వ్యాసం చదివి, వాక్యానికొక చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఆ గుర్తుల ఆధారంతో వ్యాసాన్ని తన మాటల్లో తిరిగి రాసేవాడు. మూలంతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. మాటల కొరత తీరడానికి కథలను పద్యాలుగా మార్చి, మళ్ళీ వచనంలోకి తెచ్చేవాడు. గుర్తులను కలగాపులగం చేసి, వరుస కుదర్చడం నేర్చుకునేవాడు. ఇదంతా పనికి ముందో, రాత్రి పని అయ్యాకో, ఆదివారాలో. 1722లో, పదహారేళ్ళకే, మారుపేరుతో రాసిన వ్యాసాన్ని రాత్రివేళ అచ్చుకూటం తలుపు కింద నుంచి తోశాడు. రాసిందెవరో తెలియక అన్నా, ఆయన మిత్రులూ మెచ్చుకుని అచ్చువేశారు.

అతనికి ఇంగ్లీషు మాతృభాషే కదా అనవచ్చు. నిజమే. అందుకే రెండో ఉదాహరణ మనది. ఆ ‘స్పెక్టేటర్’ వ్యాసాలే పానుగంటి లక్ష్మీనరసింహారావు గారికి ప్రేరణ అయ్యాయి. ఆ ప్రేరణతో వచ్చిన ‘సాక్షి’ వ్యాసాలు మొదట సువర్ణలేఖలోను, తరువాత ఆంధ్రపత్రికలోను వెలువడ్డాయి. జంఘాలశాస్త్రి ఉపన్యాసాలు చదివినవారెవరికీ అది అరువు సరుకనిపించదు. ఇంగ్లీషును శ్రద్ధగా చదివినందువల్ల ఆయన తెలుగు చిక్కిపోలేదు. తెలుగు వ్యాసానికే కొత్త బలం వచ్చింది.

మన పిల్లల విషయంలో ఈ పద్ధతికి ఒక్క మార్పు చాలు. చరిత్ర నుంచో, కథ నుంచో పదిహేను ఇంగ్లీషు పంక్తులు చదివించి, గుర్తులు తెలుగులో రాయించాలి. తెలుగు రాత రాకపోతే భావం నోటితో చెప్పించి పెద్దలే రాసుకోవచ్చు. మూడు రోజులాగి, దాన్నిబట్టి ఇంగ్లీషులో రాయించి, మూలం పక్కన పెట్టి చూపాలి. ఏ మాట తప్పిందో, ఏ వాక్యం కుంటుపడిందో పిల్లవాడే కనిపెడతాడు. వేరే పుస్తకాల ఖర్చు లేదు. బడి పుస్తకమే సరిపోతుంది. అయితే గుర్తులు పెట్టుకోవడానికి ఇంట్లో తెలుగు మిగిలి ఉండాలి.