అలుగు దారి: హైదరాబాద్ వాననీటి చరిత్ర

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే ఏ కాలనీ మునుగుతుందో ఆటో డ్రైవర్లు కూడా చెప్పేస్తారు. ఎందుకు మునుగుతుందో తెలియాలంటే మాత్రం కొన్ని వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. కురిసిన వానను ఏం చేసుకోవాలన్నది ఈ ఊరికి కొత్తగా వచ్చిపడ్డ చిక్కు కాదు. దానికి ఒకప్పుడు ఇక్కడ మంచి జవాబే ఉండేది.

దక్కన్ నేల కింద అంతా రాయి. వాన ఉండేది నాలుగు నెలలు, అదీ కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడిపోతుంది. అందుకే రాజులూ, ఊళ్లవాళ్లూ వాగులకు అడ్డంగా మట్టికట్టలు పోసి చెరువులు చేసుకున్నారు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం అందరికీ తెలిసినవే. ఆ విద్య ఎంత లోతైనదో చెప్పడానికి కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చాలు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి చెరువు లెక్క రాయి మీద చెక్కారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా చెప్పారు. కట్టలో ఊట కారడం, చౌడు నేల, నీళ్ల నడుమ మిట్ట ఉండడం, పట్టే చోటు తక్కువై వచ్చే నీరు ఎక్కువ కావడం వాటిలో కొన్ని. ఈ చివరి దోషాన్ని ఇవాళ మన నగరం తన చేతులతో తానే కొనితెచ్చుకుంది.

ఒంటరి చెరువుతో పని జరిగేది కాదు. ఎగువ చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకిన నీరు వాగు వెంట దిగువ చెరువుకు చేరేది, అది నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. కట్ట కింద తూము ఉండేది: రెండు రాతి కంబాలు, వాటి నడుమ రంధ్రం ఉన్న రాతి పలక, ఆ రంధ్రంలో చెక్క బిరడా. బిరడా ఎప్పుడు ఎంత ఎత్తాలన్నది నీరడి చేతిలో ఉండేది. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా తిరిగేదీ ఆయనే. పంట చేతికొచ్చినప్పుడు రైతులు ధాన్యంలో ఆయనకు మేర కొలిచి ఇచ్చేవారు. ఎండాకాలంలో చెరువు అడుగంటితే ఒండ్రుమట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టించుకోవాలి. తొలకరి నాటికి చెరువు ఖాళీగా ఉండేది. సాగుకు నీళ్లు వాడుకోవడం వల్లనే వచ్చే వానకు చోటు మిగిలేది. అంటే చెరువు ఒకేసారి పొలానికి నీళ్లిచ్చేది, ఊరికి వరద తప్పించేది. మొదటి పని ఆగిపోతే రెండోదీ ఆగిపోతుందని ఆనాడు ఎవరూ విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

హైదరాబాద్ ఈ చెరువుల నడుమ పుట్టిన ఊరు. చార్మినార్ కట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ తయారైంది. గోల్కొండ కోటకు దుర్గం చెరువు నీళ్లిచ్చింది. మాసాబ్ ట్యాంక్‌లో ఒకప్పుడు నిజంగానే చెరువుండేది. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్ ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకుంది. మృతులు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు చొప్పున ఎనిమిది వందలకు దగ్గరగా ఉన్నాయని, ఆ వానకు రెండు వందలకు పైగా తెగిపోయాయని ఆయన గుర్తించారు. ఒకటి తెగితే ఆ నీరంతా కిందిదాని మీద పడి దాన్నీ తెంచుతుంది. గొలుసులోని బలం ఎంతో, ప్రమాదమూ అంతే. ఆయన సలహా మీద మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండూ నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. ఒక్క కట్టడంతో రెండు పనులు చేయించుకునే పాత చెరువుల బుద్ధి వాటిలో కనిపిస్తుంది.

పతనం నెమ్మదిగా జరిగింది. 1960ల్లో మంజీరా నీళ్లు, తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు పైపుల్లో వచ్చాయి. దగ్గరి చెరువుతో ఊరికి అవసరం తీరిపోయింది. ఆయకట్టు పొలాలు లేఅవుట్లయ్యాయి. ఎండాకాలంలో సాగు చేసుకునే శిఖం భూములు ప్లాట్లయ్యాయి. సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్లలో పరిశ్రమలొచ్చాక కూకట్‌పల్లి నాలా రసాయనాల కాలువగా మారి హుస్సేన్ సాగర్‌లో కలిసింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కంటికి ఆననిది. తూము తెరిచేవారు లేరు, మురుగు మాత్రం ఏడాది పొడవునా వచ్చి పడుతూనే ఉంది. దాంతో చెరువులు మే నెలలోనూ నిండుగానే ఉంటున్నాయి. ఆ నిండుతనం చూసి మురిసిపోవడానికి లేదు. జూన్ వానకు అందులో చోటే ఉండదు.

జనం ఊరుకోలేదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద కట్టడాలనూ నిషేధిస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో నూనె కర్మాగారానికి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే పర్యావరణ సంఘం కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999లోనూ, 2000లోనూ ఇచ్చిన తీర్పులు ఆ మినహాయింపును నిలవనివ్వలేదు. హాని జరగదని నిరూపించాల్సిన భారం పరిశ్రమదేనన్న ఆ తీర్పులను దేశమంతా ఉదాహరిస్తారు. అలాంటి రక్షణను 2022లో 69 జీవోతో సడలించడం, నా దృష్టిలో, ఈ నగరం తనకు తాను చేసుకున్న పెద్ద ద్రోహం.

ఈలోగా వాన రెండుసార్లు హెచ్చరించింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. హుస్సేన్ సాగర్ అలుగు పారే దారిలోని దోమలగూడ, అశోక్ నగర్ మునిగాయి. నాలాలు ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి కిర్లోస్కర్ సంస్థతో అధ్యయనం చేయించారు, 2003లో నివేదిక వచ్చింది. అమలు నత్తనడక నడిచింది. 2020 అక్టోబరులో మళ్లీ వాయుగుండం విరుచుకుపడింది. మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు, గగన్‌పహాడ్ అప్పా చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగాయి. అలీనగర్‌లో ఇళ్ల ముందు నిలబడ్డవాళ్లే కొట్టుకుపోయారు. ఆ తర్వాతే నాలాల కోసం 985 కోట్లతో వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం తొలి దశ మొదలైంది.

ఇదే కాలంలో కొందరు చెరువుల దగ్గరే పని మొదలుపెట్టారు. నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ సంస్థ వెదురు, థర్మోకోల్, గోనెసంచులతో తేలే తెప్ప కట్టి, 2018 ఫిబ్రవరిలో నీటిపై వదిలింది. దాని మీద వట్టివేరు, మెట్టతామర, తుంగ లాంటి మొక్కలు పెంచారు. మట్టి ఉండదు. వేళ్లు తిన్నగా మురుగునీటిలోకి వేలాడతాయి, వాటి మీద చేరిన సూక్ష్మజీవులు మురికిని తిని నత్రజని, భాస్వరం తగ్గిస్తాయి. ఈ పని గొప్పదే. కానీ పైనుంచి మురుగు వచ్చి పడుతున్నంత కాలం ఏ తెప్ప అయినా ఎంతని శుభ్రం చేస్తుంది? చుట్టూ కంచె, నడక దారి, రంగుల లైట్లు వేసి చెరువును కాపాడామనుకునేవారికీ ఇదే ప్రశ్న. నీళ్లొచ్చే వాగూ, పోయే అలుగూ మూసుకుపోతే అది చెరువు కాదు, తొట్టి.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. ఆక్రమణల కూల్చివేతలు వార్తలకెక్కాయి. నాలా ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి ఇల్లు కూలినంత తేలిగ్గా ఆ జాగాను ప్లాటుగా అమ్మినవాడు చిక్కడం లేదు. ఇది సరిదిద్దుకోవాల్సిన అన్యాయం. అయితే అదే హైడ్రా చేతిలో అంబర్‌పేట బతుకమ్మ కుంట తిరిగి బతికింది. పద్నాలుగు ఎకరాలకు పైగా ఉన్న కుంటలో ఐదెకరాలే మిగిలి, తుప్పలు మొలిచి, మట్టితో పూడిపోయి ఉండేది. 2025 ఫిబ్రవరిలో పూడిక తీయడం మొదలుపెట్టగానే అడుగు నుంచి నీళ్లు ఉబికాయి. ఆ సెప్టెంబరులో ఆడవాళ్లు అక్కడ బతుకమ్మలు ఆడారు.

నగరంలో ఇంకా మిగిలిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దులు తేల్చి, రాళ్లు పాతించడం ప్రభుత్వం పని. మన పని కూడా ఉంది. ప్లాటు కొనేముందు ధర అడిగినంత శ్రద్ధగా గ్రామ నక్షా అడగండి. అందులో వాగు గీత ఎక్కడుందో వేలుపెట్టి చూడండి. మీ కాలనీ వాననీరు ఏ నాలాలో పడి ఏ చెరువుకు చేరుతుందో కనుక్కుని, ఆ నాలాలో పూడిక జూన్ లోపు తీయించమని సంఘం తరఫున రాతపూర్వకంగా అడగండి. తీసేదాకా వదలకండి.